మన పండగ వేదిక మీద ఆ సీసాలు ఎందుకు?



పోస్టు పొడవుగానే ఉంటుంది. చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, మధ్యలో ఆపి మాత్రం తిట్టొద్దు. టైపు చేసింది ఒక్కరే అయినా మా హాస్టల్ గదిలో ఎనిమిదిమందిమీ రెండు రాత్రులు కూర్చుని వాదించుకుని, అందరం సరేనన్నాకే పెడుతున్నాం. అందుకే 'మేము' అని రాస్తున్నాం.

విషయం ఇది. ఆగస్టు 9 దగ్గర పడుతోంది. కమిటీ అన్నలు ఖర్చుల జాబితా గ్రూపులో పెట్టారు. టెంటు, మైకు, ఫ్లెక్సీలు, థింసా బృందాలకి బండి కిరాయి, భోజనాలు, అన్నీ ఉన్నాయి. ఆఖర్న 'కూల్ డ్రింకులు 20 కేసులు' అని ఉంది. ఆ ఒక్క లైను కొట్టేయమని మేము అడిగాం. దానికి ఒక అన్న "తినే తిండిలో, తాగే డ్రింకులో కూడా రాజకీయమేనా తమ్ముడూ" అని నవ్వే బొమ్మ పెట్టాడు. దాని కింద ఇంకో ముప్పైమంది నవ్వారు.

అవునన్నా, రాజకీయమే. ఎలాగో చెప్తాం.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఏడాది ఆగస్టు 9న మేము వలంటీర్లం. మెడలో కార్డులు, ఒంటి మీద కొత్త టీషర్టులు. పై ఊళ్ళ నుంచి థింసా ఆడే అక్కలు, అవ్వలు తెల్లారుజామునే బయల్దేరి వచ్చారు. వాళ్ళలో ఒక అవ్వ నెత్తి మీద సత్తు తపేలా పెట్టుకుని వచ్చింది. మూతగా అడ్డాకులు కట్టి ఉంది. లోపల చోడి అంబలి. తన బృందం మధ్యాహ్నం దాకా ఆడాలి కదా, నీరసం రాకుండా తెచ్చుకుంది. తపేలా వేదిక మెట్ల పక్కన పెట్టింది. మాలో ఒకడు వెళ్ళి "అవ్వా, అది అటు వెనక్కి పెట్టు, ఫోటోల్లో పడుతుంది" అన్నాడు. పేరెందుకు, ఎనిమిదిమందిమీ అక్కడే ఉన్నాం, ఒక్కరం కూడా ఆపలేదు.

అవ్వ కోప్పడలేదు. "ఇది తాగే కదరా బాబూ మీ యమ్మ నీకు పాలిచ్చింది" అని, తపేలా తీసుకుని టెంటు వెనక్కి పోయింది.

అదే సమయంలో వేదిక మీద, పెద్దమనుషుల ముందు, నల్లటి కూల్ డ్రింకు సీసాలు వరసగా పెట్టింది కూడా మేమే. అవి ఫోటోల్లో పడ్డాయి. ఇప్పటికీ గ్రూపు ఆల్బంలో ఉన్నాయి, చూసుకోండి. వెనక ఫ్లెక్సీ మీద 'మన సంస్కృతిని కాపాడుకుందాం' అని ఉంది. దాని ముందు సీసాలు. అంబలి మాత్రం టెంటు వెనక.

ఐక్యరాజ్య సమితి ఆగస్టు 9ని ఎందుకు ఎంచుకుందో మన మీటింగుల్లో ప్రతిసారీ చెప్తాం. 1982లో ఆదివాసీ జనాల మీద ఏర్పడిన వర్కింగ్ గ్రూపు మొదటిసారి కూర్చున్న రోజది. మన భూమి, మన భాష, మన బతుకు గురించి ప్రపంచం ముందు మాట్లాడిన రోజు. ఆ రోజున మన అవ్వ తిండిని మనమే దాచేశాం. దీన్ని రాజకీయం అనకపోతే ఇంకేమనాలి?

ఇక లెక్కల్లోకి వద్దాం, లేకపోతే భావోద్వేగం అంటారు.

కోలా రకం డ్రింకు ఏదైనా తీసి వెనక రాసింది చదవండి. 100 మిల్లీలీటర్లకి పంచదార దాదాపు 10 నుంచి 11 గ్రాములు ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలో సుమారు 26 గ్రాములు, ఆరు చెంచాల పైనే. టీలో ఎవరైనా ఆరు చెంచాలు వేసిస్తే ఉమ్మేస్తాం. చల్లగా, గ్యాసుతో, పులుపుతో కలిపి ఇస్తే నాలుకకి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది ఏమిటంటే, మనం వేసుకునే, కలిపి అమ్మే పంచదార రోజు మొత్తం తిండిలో పదో వంతు శక్తి దాటకూడదు, ఇంకా సగానికి తగ్గిస్తే, అంటే రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే, మరీ మంచిది అని. ఒక్క సీసాతో ఆ రోజు లెక్క అయిపోయింది. ఆ తర్వాత తాగే టీలు, తినే బిస్కెట్లు అన్నీ అదనం.

కమిటీ జాబితాలో 20 కేసులు. కేసుకి 24 సీసాలు అనుకుంటే 480 సీసాలు. మన పండగ రోజున మన పిల్లలకి మనం చేత్తో ఇచ్చే పంచదార పన్నెండు కిలోల పైనే అన్నమాట. బస్తాలోంచి తీసి దోసిళ్ళలో పోస్తే ఊరుకుంటారా?

మా గది లెక్క కూడా చెప్తాం, సిగ్గుపడకుండా. ఒక వారం రోజులు ఎవరెవరు ఏం తాగారో గోడ మీద కేలెండరు పక్కన గీతలు గీశాం. ఎనిమిదిమందికి వారంలో 31 సీసాలు. ఇరవై రూపాయల లెక్కన 620 రూపాయలు. అందులో పంచదార ముప్పావు కిలో దాటింది. ఆ 620 రూపాయలకి సంతలో చోళ్ళు పది కిలోలు పైనే వచ్చేవి. మా ఇళ్ళ నుంచి ఆ డబ్బు ఎలా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అమ్మ చింతపండు కొట్టి, గింజ తీసి, సంతలో అమ్మిన డబ్బు. అడ్డాకులు కుట్టిన డబ్బు. మేము దాన్ని సీసాల్లో పోసుకుని తాగాం.

సీసాలో పంచదారతో ఇంకో చిక్కుంది. అది కడుపు నింపదు. అంతే శక్తి ఉన్న అన్నమో దుంపో తింటే, తర్వాతి ముద్ద దానంతటదే తగ్గుతుంది. డ్రింకు తాగితే తగ్గదు. తాగిందీ లోపలికి పోతుంది, తినేదీ తింటాం. ఒంట్లో ఖర్చు కానిది కొవ్వుగా మారుతుంది. ఆ కొవ్వు కాలేయంలోనూ పొట్ట చుట్టూనూ చేరుతుంది. బరువు పెరగడం అంటే ఇంత మామూలుగా, రోజుకి ఒక సీసాతో మొదలవుతుంది.

ఇక్కడ మనోళ్ళు వెంటనే అనే మాట ఒకటుంది. "మనం కొండలెక్కే జనం, బక్కోళ్ళం, షుగరు, లావు ఇవన్నీ పట్నపోళ్ళ జబ్బులు."

ఈ మాట మేమూ నమ్మాం. మా హాస్టల్లో ఆరోగ్య శిబిరం పెట్టే దాకా. మా గదిలో ఇద్దరు ఉండాల్సిన బరువు కంటే తక్కువ. ఒకడికి చేతులు, కాళ్ళు సన్నగానే ఉన్నాయి కానీ పొట్ట ముందుకొచ్చింది, వాడికి బీపీ ఎక్కువ చూపించింది. వాడికి పందొమ్మిదేళ్ళు. పక్క హాస్టల్ చెల్లెళ్ళలో చాలామందికి రక్తం తక్కువని మాత్రలు రాసిచ్చారు. ఒకే మెస్సు, ఒకే గిన్నె. ఒకరికి బరువు చాలదు, ఒకరికి పొట్ట, ఒకరికి రక్తం లేదు. మూడూ ఒకే తిండి లోపం నుంచి వస్తాయని మాకు ఆ రోజు అర్థమైంది. బియ్యం దండిగా, పప్పు పల్చగా, ఆకుకూర ఎప్పుడో, దాని పైన పంచదార.

బి.ఎం.ఐ. అనే లెక్క గుర్తుపెట్టుకోండి. బరువు కిలోల్లో తీసుకుని, ఎత్తు మీటర్లలో తీసుకుని, ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 18.5 కంటే తక్కువైతే బరువు చాలదు. తెల్లోళ్ళకి 25 దాటితే ఎక్కువ బరువు అంటారు, మన దేశం వాళ్ళకి 23 దాటితేనే జాగ్రత్త పడాలి, 25 అంటే ఊబకాయమే అని డాక్టర్లు చెప్తారు. అయిదడుగుల మనిషికి 43 కిలోలు కింది గీత, 53 కిలోలు పై గీత, కాస్త అటూ ఇటూగా. నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. దీనికి టేపు చాలు, మిషను అక్కర్లేదు.

మనకి గీత కిందికి ఎందుకు జరిగిందో తెలుసా? 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వేశారు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. తల్లికి తిండి చాలక తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, పెద్దయ్యాక ఒక్కసారిగా పంచదార, నూనె, పాలిష్ బియ్యం మీద పడితే షుగరు జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. మన ఊళ్ళలో ఎంతమంది తల్లులు కడుపుతో ఉండి కూలికి పోయారు, ఎంతమందిమి చిన్నగా పుట్టాం, ఇంట్లో అడగండి. అంటే ఈ సీసా మిగతావాళ్ళ కంటే మనకే ఎక్కువ చేటు. "మనం బక్కోళ్ళం" అన్నది మనకి రక్షణ కాదు, ఆ మాటే మనకున్న ప్రమాదం.

సికిల్ సెల్ ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు. 2023 జూలైలో కేంద్రం దీని మీద జాతీయ మిషన్ మొదలుపెట్టింది, మన ఏజెన్సీలో పరీక్షలు జరుగుతున్నాయి. ఒంట్లో నీరు తగ్గితే వాళ్ళకి నొప్పులు ఎత్తుకుంటాయి. వాళ్ళకి ఎండలో కావల్సింది నీళ్ళు. మన టెంటులో మాత్రం నీళ్ళ డ్రమ్ము మధ్యాహ్నానికే ఖాళీ, సీసాలు సాయంత్రం దాకా ఉన్నాయి.

పరీక్షల ముందు రాత్రి తాగే ఎర్ర సీసా ఎనర్జీ డ్రింకు గురించి కూడా ఒక మాట. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకూడదని దాని మీదే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. మన సంతలో ఏడో తరగతి పిల్లాడు దాన్ని తాగుతూ తిరుగుతున్నాడు. ఆ ఇంగ్లీషు చదవగలిగిన మొదటి తరం మనం. మనం చదివి చెప్పకపోతే ఎవరు చెప్తారు?

ఇప్పుడు రెండో వాదన. "మళ్ళీ అంబలికి పొమ్మంటారా? మా తాతలు అంబలి తాగి చచ్చారు, మేమూ తాగాలా?"

ఈ మాటలో కోపం ఉంది, ఆ కోపం న్యాయమైందే. ఆకలిని మేము పొగడం. మామిడి టెంక అంబలి మన పెద్దలు రుచి కోసం తాగలేదు, ఇంట్లో గింజ లేక తాగారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్నో పొయ్యిలు వెలిగాయి. దాన్ని ఎవరు తక్కువ చేసి మాట్లాడినా మేము ఒప్పుకోం. రేషను బియ్యం మన హక్కు, ఒక్క గింజ వదలకూడదు.

కానీ బియ్యం ఎక్కడ చేరిందో చూడండి. చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు, రాజ్మా, చామ దుంపలు, వెదురు కొమ్ములు, పనస, అడవి ఆకులు, ఇన్ని ఉన్న చోట అది వాటికి తోడుగా రావాలి. తోడుగా కాదు, వాటి చోట్లోకి వచ్చింది. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు రూపాయలు, చిరుధాన్యాలు ఒక రూపాయి అని రాశారు. చట్టంలోనే చిరుధాన్యాలు ఉన్నాయన్నా! మా కొండకి దిగింది మాత్రం బియ్యం మూటలే. మా ఇంటి పెరట్లో పండే చోళ్ళు చట్టంలో ఉన్నాయి, మా రేషను సంచిలో లేవు, మా హాస్టల్ మెనూలో లేవు.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికలు ఎవరైనా చూడొచ్చు. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం 350 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది, తెల్ల బియ్యంలో పది లోపు. పీచు చోళ్ళలో దాదాపు 11 గ్రాములు, తెల్ల బియ్యంలో మూడు లోపు. మనం దేన్ని వదిలి దేన్ని పట్టుకున్నామో ఈ రెండు అంకెలు చాలు.

వదిలించింది ఎవరు? మమ్మల్ని ఎవరూ కొట్టి మాన్పించలేదు. నవ్వి మాన్పించారు. ఆరో తరగతిలో కింద ఊరి బడికి పోయినప్పుడు మాలో చాలామందికి పేరుండేది కాదు, "అంబలోళ్ళు" అనేవాళ్ళు. కేరియర్ మూత తీయాలంటే సిగ్గు. ఇంటికెళ్ళి అమ్మతో "నాకు అన్నమే పెట్టు, బిస్కెట్లే కొను" అని ఏడ్చాం. అమ్మ కొనింది. బిడ్డ నలుగురిలో తల దించుకోకూడదని కొనింది. అలా చోడి చేను తగ్గింది, కొట్లో ఐదు రూపాయల ప్యాకెట్ల దండలు పెరిగాయి.

మనల్ని నవ్విన ఆ పట్నమే ఇప్పుడేం చేస్తోంది? 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. శ్రీఅన్న అని పేరు పెట్టారు. సామలు అందమైన ప్యాకెట్లో, ఏసీ షాపులో, మన సంత ధరకి ఎన్నో రెట్లు. డాక్టరు షుగరొచ్చినవాళ్ళకి రాసిస్తున్నాడు. మన గింజ కొండ దిగి ప్యాకెట్టెక్కింది, వాళ్ళ పంచదార నీళ్ళు కొండెక్కి మన చేతికొచ్చాయి. ఈ మారకంలో ఎవరు నష్టపోయారో సంతలో తూకం తెలిసిన మన అమ్మలకి చెప్పక్కర్లేదు.

కాబట్టి అన్నా, మేము వెనక్కి పొమ్మనడం లేదు. అంబలి మానేయడమే ముందుకు పోవడమని మనకి నమ్మకం కలిగించారే, ఆ అబద్ధాన్ని వదిలేయమంటున్నాం.

మూడో వాదన పెద్దవాళ్ళది. శిబిరానికొచ్చిన డాక్టరుగారు మమ్మల్ని నిలబెట్టి "మీ అలవాట్లు మార్చుకోండి, ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఈ గ్రూపులో కూడా ఎవరో పోస్టు పెట్టారు, ఓట్స్ తినండి, గ్రీన్ టీ తాగండి, రోజుకో ఆపిల్ తినండి అని. మా మండలంలో ఓట్స్ ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్తే బాగుండేది!

అలవాటు గాల్లోంచి రాదు సార్. మేము ఉండే హాస్టల్లో మంచినీళ్ళ ఫిల్టరు పాడై నెలలయింది. కుళాయి నీళ్ళు తుప్పు వాసన. గేటు ఎదురుగా కొట్లో ఫ్రిజ్జు నిండా చల్లటి సీసాలు. దాహం వేసిన కుర్రాడు ఎటు పోతాడు? సాయంత్రం నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా మెస్సులో ఏమీ ఉండదు. బయట బజ్జీల బండి, నూడుల్సు బండి. ఆకలి వేసినవాడు ఎటు పోతాడు? ఫిల్టరు బాగుచేయనివాళ్ళని వదిలేసి, సీసా కొన్నవాడినే అడిగితే అది సగం న్యాయం.

చెయ్యలేరా అంటే చెయ్యగలరు. మన రాష్ట్రంలోనే 2023 మార్చి నుంచి బడి పిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ ఇస్తున్నారు. పదో తరగతి దాకా జావ తాగిన పిల్లాడికి కాలేజీ హాస్టల్ గేటు దాటగానే ఎముకలు పెరగడం ఆగిపోతుందా? ఇది అడగాల్సిన ప్రశ్న. మేము అడిగాం. "మెనూ పైనుంచి వస్తుంది" అన్నారు. అయితే పైకే పోదాం, అందరం కలిసి.

ఇంత చెప్పాక మన తప్పులు చెప్పకపోతే మేము ఆ పెద్దవాళ్ళ కంటే మంచోళ్ళం కాదు.

ఒకటి, మన తాగుడు. జీలుగు కల్లు చెట్టు మీద నుంచి దిగిన పూట పండక్కి కాస్త తాగడం వేరు, రోజూ సాయంత్రం సారా ప్యాకెట్టుతో మొదలై బెల్టు షాపు దగ్గర ముగియడం వేరు. సారాలో ఉండే ఆల్కహాలు గ్రాముకి ఏడు కేలరీలు, పంచదార కంటే ఎక్కువ. తాగినవాడు తిండి తినడు, తాగిన డబ్బుకి పిల్లలు తినరు. 'మన సంస్కృతి' అని దీనికి ముసుగు వేయొద్దు. కూల్ డ్రింకు వద్దని మాట్లాడి, టెంటు వెనక సారా తాగేవాళ్ళని వదిలేస్తే మన మాటకి విలువ ఉండదు.

రెండు, అంబలిని మందులా అమ్మొద్దు. కొంతమంది అంబలి తాగితే షుగరు పోతుందని వీడియోలు పెడుతున్నారు. అబద్ధం. షుగరు ఉన్నవాళ్ళు మెత్తటి పిండి జావ గ్లాసుల కొద్దీ తాగితే వాళ్ళకీ షుగరు పెరుగుతుంది. మాత్రలు ఆపేయమనడం ఇంకా పాపం. చోళ్ళు మంచి తిండి, అంతే. పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డో చేపో ఉంటేనే అది పూర్తి తిండి.

మూడు, అన్నం తినగానే టీ. ఇది మాకందరికీ ఉన్న రోగం. తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. రక్తం తక్కువున్న చెల్లెళ్ళు మాత్ర వేసుకుని, వెంటనే టీ తాగితే ఆ మాత్రలో చాలా భాగం వృథా. తిండికీ టీకీ మధ్య గంట విడువండి. అన్నంలో నిమ్మకాయ పిండుకోండి, దొరికితే ఉసిరికాయ తినండి, ఇనుము బాగా పడుతుంది. దీనికి ఎవరి మెనూ మారక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక మా డిమాండ్లు. కొన్ని ప్రభుత్వానికి, కొన్ని మనకి. మనకి చెప్పుకునేవే ముందు రాస్తున్నాం, ఎందుకంటే అవి ఈ వారమే చేయగలం.

1. ఆగస్టు 9 జాబితాలో 20 కేసుల కూల్ డ్రింకులు కొట్టేయాలి. వాటికి ఎనిమిది తొమ్మిది వేలు అవుతుంది. అయిదు వందల మందికి తలా ఒక పెద్ద గ్లాసు అంబలి పోయాలంటే చోడి పిండి 25 కిలోలు చాలు. మజ్జిగ, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు, అడ్డాకు డొప్పలు కలిపినా ఆ డబ్బులో సగం మిగులుతుంది. మిగిలింది వండే అక్కలకి కూలిగా ఇవ్వాలి. ఊరికే చేయించుకోవద్దు. పిండి, డొప్పలు మన ఊళ్ళలోనే కొనాలి. కంపెనీకి పోయే డబ్బు మన అమ్మల కొంగులోకి పోవాలి.

2. అంబలి కుండలు వేదిక మీద పెట్టాలి. పక్కన కాదు, వెనక కాదు. వచ్చిన అధికారికైనా నాయకుడికైనా మొదటి డొప్ప అదే. మంచినీళ్ళు సాయంత్రం దాకా ఉండేలా మేము ఎనిమిదిమందిమీ మోస్తాం, ఆ పని మాకు రాసేయండి.

3. మన హాస్టళ్ళన్నిటి నుంచి ఒకే వినతిపత్రం ఐ.టి.డి.ఏ. ప్రాజెక్టు ఆఫీసరు గారికి ఆ రోజే ఇవ్వాలి. పనిచేసే మంచినీళ్ళ ఫిల్టరు. పొద్దున్న వారానికి కనీసం మూడు రోజులు చోడి జావ. సాయంత్రం ఉడికించిన శనగలో, రాజ్మానో, దుంపలో. ఆ చోళ్ళు, ఆ రాజ్మా మన రైతుల దగ్గరే కొనాలి. రాసిన కాగితం తయారుగా ఉంది, సంతకాలే కావాలి.

కొందరు "పిల్లలు గోల చేస్తారు, పండగ రోజైనా డ్రింకు ఇవ్వకపోతే ఎలా" అంటున్నారు. ఎవరైనా సొంత డబ్బుతో కొనుక్కుంటే మేము చేయి పట్టుకోం. మన జెండా కింద, మన చందాలతో, మన చేత్తో పంచొద్దు అంటున్నాం. ఆ తేడా పెద్దది.

మా గదిలో కూడా ఇంకా అందరం మానలేదు. గోడ మీద గీతలు పోయిన వారం 31 నుంచి 12కి వచ్చాయి. సున్నా కాలేదు. అబద్ధం చెప్పం. కానీ ఇంటి నుంచి ఒకడు చోడి పిండి డబ్బా తెచ్చాడు. రాత్రి నానబెట్టి, పొద్దున్న కాచి, ఉప్పేసి, ఉల్లిపాయ కొరుక్కుని తాగి కాలేజీకి పోతున్నాం. మొదటి రోజు పక్క గదివాళ్ళు నవ్వారు. నాలుగో రోజు గ్లాసులు పట్టుకుని వచ్చారు.

ఆ అవ్వ ఊరు తెలుసుకున్నాం. రోడ్డు దిగాక గంటన్నర నడక. వచ్చే ఆదివారం వెళ్తున్నాం, క్షమించమని అడగడానికి, ఈసారి కుండ ఎక్కడ పెట్టాలో నువ్వే చూపించు అవ్వా అని చెప్పడానికి. ఎవరైనా వస్తారా?

కమిటీ అన్నలు శనివారం లోపు జవాబు చెప్పండి. నవ్వే బొమ్మ కాదు, మాట కావాలి.

జై ఆదివాసీ.
హాస్టల్ డిగ్రీ విద్యార్థులం, ఒక గది, ఎనిమిదిమంది